ఢిల్లీ నుంచి ఆగ్రాకు ఒక్కరోజు ప్రయాణం: కారు, డ్రైవర్‌ను మాట్లాడుకునే ముందు తెలుసుకోవాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: డిసెంబరు ఆఖరి వారంలో ఢిల్లీ వస్తున్నారు. మీ దంపతులు, ఏడేళ్ల బాబు, అమ్మానాన్నలు, మొత్తం ఐదుగురు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. ఒకరోజు ఆగ్రా వెళ్లి తాజ్‌మహల్ చూసి అదే రాత్రి తిరిగి రావాలి. హిందీ అంతంతమాత్రం. కారు, డ్రైవర్‌ను ఎలా మాట్లాడుకోవాలి, ఎన్నాళ్ల ముందు, అడ్వాన్స్ ఎంత, మోసపోకుండా ఏం చూసుకోవాలి?

ముందు సూటిగా జవాబు చెప్తాను. వారం పది రోజుల ముందు బుక్ చేసుకోండి. పసుపు నంబర్ ప్లేటు ఉన్న ఆరు లేదా ఏడు సీట్ల బండి తీసుకోండి. టోల్, పార్కింగ్, యూపీ ట్యాక్స్, డ్రైవర్ బత్తా అన్నీ కలిపిన ఒకే మొత్తం వాట్సాప్‌లో రాయించుకోండి. అడ్వాన్స్ 10 నుంచి 20 శాతం దాటొద్దు, మిగతాది తిరిగి వచ్చి దిగాక ఇవ్వండి. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, ఆ రోజు తాజ్‌మహల్‌కు సందర్శకులను అనుమతించరు. వీటన్నిటికంటే ముఖ్యంగా, ముందు రోజు సాయంత్రం డ్రైవర్‌కే ఫోన్ చేసి, ఆ రాత్రి అతను ఇంట్లో పడుకుంటున్నాడా లేక ఇంకో ట్రిప్పులో ఉన్నాడా కనుక్కోండి.

నేను ఢిల్లీలో పదహారేళ్లుగా ఉంటున్నాను. అందులో తొమ్మిదేళ్లు ఒక ఆఫీసు ట్రాన్స్‌పోర్ట్ విభాగంలో బళ్లు, డ్రైవర్ల డ్యూటీలు చూసే పని చేశాను. బంధువులు, స్నేహితులు వచ్చినప్పుడల్లా ఆగ్రా బండి మాట్లాడే బాధ్యత నాదే. ఆ అనుభవంతోనే ఇంత వివరంగా రాస్తున్నాను.

డ్రైవర్ నిద్ర సంగతి మొదట ఎందుకు చెప్తున్నానంటే

అందరూ రేటు దగ్గర మొదలుపెడతారు. నేను నిద్ర దగ్గర మొదలుపెడతాను. ఢిల్లీలో మీరు దిగే చోటును బట్టి ఆగ్రా 210 నుంచి 240 కిలోమీటర్లు ఉంటుంది. అందులో 165 కిలోమీటర్లు యమునా ఎక్స్‌ప్రెస్‌వే. 2012 ఆగస్టులో తెరిచిన ఆరు వరసల రోడ్డు ఇది, గ్రేటర్ నోయిడా నుంచి ఆగ్రా దాకా దాదాపు గీత గీసినట్టు ఉంటుంది. మలుపుల్లేవు, సిగ్నళ్లు లేవు, అడ్డొచ్చేవాళ్లు లేరు. నిద్ర చాలని మనిషికి ఇంతకంటే ప్రమాదకరమైన రోడ్డు లేదు. కళ్లు తెరిచి ఉండగానే మనసు మూతపడుతుంది.

ఒక జనవరిలో మా మేనమామ కుటుంబం వచ్చింది. సూర్యోదయానికి తాజ్ చూడాలని తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాం. ఎక్స్‌ప్రెస్‌వే మీది జేవర్ టోల్ గేటు దగ్గరకు వచ్చేసరికి డ్రైవర్ అంత చలిలోనూ అద్దం దించుకుని, మాటిమాటికీ మెడ రుద్దుకుంటున్నాడు. అడిగితే మొహమాటపడుతూ చెప్పాడు: జైపూర్ ట్రిప్పు ముగించుకుని రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరాడట. మూడు గంటలకే ఓనర్ మళ్లీ లేపాడట. టోల్ దాటాక వచ్చిన విశ్రాంతి స్థలంలో బండి ఆపించి, సీటు వెనక్కి వాల్చి ముప్పావుగంట పడుకోమన్నాను. సూర్యోదయం పోయిందని మామయ్య కాస్త నొచ్చుకున్నారు. అయినా ఆ పని చేసినందుకు నేను ఈరోజుకీ సంతోషిస్తాను. తప్పు ఆ డ్రైవర్‌ది కాదు, అతన్ని పంపినవాళ్లది. కానీ ఆ బండిలో కూర్చున్నది మేమూ, పిల్లలూ.

అప్పటినుంచి బుక్ చేసేటప్పుడే రెండు మాటలు చెప్తాను. ముందు రోజు రాత్రి డ్యూటీ లేని డ్రైవర్ కావాలి. వెళ్లిన డ్రైవరే తిరిగి తీసుకురావాలంటే పగలు అతనికి కనీసం రెండు గంటలు నిద్రపోయే వీలుండాలి. మీరు తాజ్ లోపల ఉన్న మూడు గంటలు అతనికి అందుకు సరిపోతాయి. ఆ సమయంలో "ఇక్కడికి రా, అక్కడికి రా" అని ఫోన్లు చేయకండి. రానూపోనూ ఎనిమిది గంటల డ్రైవింగ్, బయల్దేరడం నుంచి తిరిగి చేరడం దాకా పదమూడు పద్నాలుగు గంటల రోజు అది.

హిందీలో ఈ ఒక్క మాట నేర్చుకోండి: "భయ్యా, నీంద్ ఆయే తో గాడీ రోక్ దీజియే." నిద్ర వస్తే బండి ఆపండి అని అర్థం. బయల్దేరేటప్పుడే చెప్తే డ్రైవర్‌కు మొహమాటం పోతుంది.

ఏ బండి?

ఐదుగురన్నారు కదా, సెడాన్ వద్దు. డిజైర్ లాంటి ట్యాక్సీకి అనుమతి డ్రైవర్ కాక నలుగురికే. "బాబే కదా, ఒళ్లో కూర్చోబెట్టుకోండి" అంటారు, ఒప్పుకోకండి. ఎర్టిగా లేదా ఇన్నోవా తీసుకోండి. వీటిలో మూడో వరసలోకి ఎక్కాలంటే మధ్య సీటు మడిచి, వంగి దూరాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారికి అది కష్టం. అమ్మానాన్నలను మధ్య వరసలో కూర్చోబెట్టి, మీలో ఒకరు బాబుతో వెనక వరసకు వెళ్లండి. మధ్యలో రెండు విడి సీట్లున్న ఇన్నోవా దొరికితే ఇంకా హాయి, ఆ రెండు సీట్ల మధ్య నుంచే వెనక్కి వెళ్లొచ్చు.

సీఎన్‌జీ బండి అయితే డిక్కీలో సిలిండర్ ఉంటుంది. ఆగ్రాకు సామాను ఉండదు కాబట్టి ఫర్వాలేదు. అదే బండిని ఎయిర్‌పోర్టుకు కూడా మాట్లాడుకుంటే మాత్రం పెట్టెలు పట్టవు, ముందే అడగండి.

వెనక సీట్ల బెల్టులు ఉన్నాయా అని కూడా అడగండి. ట్యాక్సీల్లో కొత్త సీటు కవర్లు వేయించినప్పుడు బెల్టు గుచ్చే బకిల్ కవరు కిందకు పోతుంది, దాన్నెవరూ పైకి తీయరు. వెనక కూర్చున్నవాళ్లూ బెల్టు పెట్టుకోవాలన్నది చట్టం. చట్టం మాట అటుంచినా, ఆ రోడ్డు మీద వేగానికి బెల్టు లేకుండా బాబును కూర్చోబెట్టకండి. బండి రాగానే ఐదు బెల్టులూ లాగి, గుచ్చి చూశాకే బయల్దేరండి. అలాగే టైర్లు ఒకసారి చూడండి. యమునా ఎక్స్‌ప్రెస్‌వే కాంక్రీటు రోడ్డు, గంటల తరబడి ఒకే వేగంలో పోతే అరిగిన టైరు వేడెక్కి పేలుతుంది. టైరు గాడుల్లో రూపాయి బిళ్ల పెడితే అంచు కూడా మునగకపోతే ఆ బండి వద్దనండి.

పసుపు ప్లేటు ఎందుకు

తెల్ల ప్లేటు అంటే సొంత వాడకానికి రిజిస్టర్ చేసిన బండి. అద్దెకు తిప్పడానికి దానికి పర్మిట్ ఉండదు. తక్కువ రేటు చెప్పేవాళ్లలో చాలామంది తెల్ల ప్లేటు వాళ్లే. ప్రమాదం జరిగితే, కిరాయికి తిప్పుతున్నారన్న కారణంతో బీమా కంపెనీ అడ్డం తిరిగే అవకాశం ఉంది. రవాణా శాఖవాళ్లు ఆపితే బండి అక్కడే ఉండిపోతుంది. మా పక్క ఫ్లాట్‌లో ఉండే కుటుంబానికి నోయిడా దాటకముందే ఇది జరిగింది. ఇద్దరు పిల్లలతో రోడ్డు పక్కన రెండు గంటలు నిలబడి, వేరే బండి ఎక్కారు. మొదటి బండికి ఇచ్చిన డబ్బు తిరిగి రాలేదు.

పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే ట్యాక్సీ. ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే ఎలక్ట్రిక్ ట్యాక్సీ, అదీ సరైనదే. కానీ ఆగ్రా ప్రయాణానికి ఎలక్ట్రిక్ బండి తీసుకుంటే చార్జింగ్ ఎక్కడ, ఎంతసేపు అన్నది తేల్చుకోండి. బండి నంబర్ రాగానే బళ్ల వివరాలు చూపించే ప్రభుత్వ యాప్ ఎం-పరివాహన్‌లో కొట్టి చూస్తే బీమా, ఫిట్‌నెస్ తేదీలు కనిపిస్తాయి. రెండు నిమిషాల పని.

డిసెంబరు కాబట్టి ఇంకో మాట. ఢిల్లీలో గాలి కాలుష్యం పెరిగినప్పుడు బీఎస్-3 పెట్రోలు, బీఎస్-4 డీజిల్ బళ్ల మీద ఆంక్షలు పెడుతుంటారు (బీఎస్ అంటే బండి పొగకు పెట్టిన ప్రమాణం, అంకె పెరిగేకొద్దీ పొగ తక్కువ). "బీఎస్-6 లేదా సీఎన్‌జీ బండే కావాలి" అని మొదటే చెప్పేయండి.

డబ్బు లెక్క

ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. ఒకటి కిలోమీటరు లెక్క, రెండోది మొత్తంగా ఒక ప్యాకేజీ. కిలోమీటరు లెక్కలో చాలామంది గమనించనిది గ్యారేజ్ టు గ్యారేజ్ అన్న మాట. మీటరు మీ హోటల్ దగ్గర కాదు, బండి బయల్దేరిన షెడ్డు దగ్గర మొదలై, తిరిగి షెడ్డు చేరాక ఆగుతుంది. ఉదాహరణకు కిలోమీటరుకు 15 రూపాయలు అన్నారనుకుందాం. మీరు 460 కిలోమీటర్లకు 6,900 అనుకుంటారు. షెడ్డు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంటే, అటూ ఇటూ 50 కిలోమీటర్లు కలిసి బిల్లు 7,650 అవుతుంది. దాని మీద టోల్, పార్కింగ్, బత్తా, రాత్రి చార్జీ. అందుకే మీలాంటి ఒక్కరోజు ప్రయాణానికి ప్యాకేజీయే మేలని నా అభిప్రాయం.

ప్యాకేజీలో ఏమేం కలిసి ఉన్నాయో పేరుపేరునా రాయించుకోండి. టోల్ రానూపోనూ కలిపే ఉండాలి, "టోల్ కలిపి" అని ఒకవైపుదే కలిపేవాళ్లున్నారు. ఢిల్లీ బండి ఉత్తరప్రదేశ్‌లోకి వెళ్తోంది కాబట్టి యూపీ ట్యాక్స్ మాట వస్తుంది. ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉన్న బండి అయితే రాష్ట్రాల పన్ను ఆ పర్మిట్ ఫీజులోనే కలిసి ఉంటుంది, సరిహద్దులో మీ దగ్గర విడిగా అడగడానికి కారణం లేదు. రాత్రి చార్జీ ఎన్ని గంటల నుంచి అన్నది కూడా అడగండి.

మరీ తక్కువ రేటు చెప్తే సంతోషించకండి, లెక్క వేయండి. 480 కిలోమీటర్లు, లీటరుకు 15 కిలోమీటర్లు అనుకుంటే 32 లీటర్ల డీజిల్. లీటరు 90 చొప్పున 2,880 రూపాయలు. రెండువైపులా టోల్, డ్రైవర్ రోజు జీతం, బండి అరుగుదల దాని మీద. ఇవన్నీ కలిపితే వచ్చే మొత్తం కంటే తక్కువకు ఎవరైనా వస్తామన్నారంటే ఆ తేడా ఇంకెక్కడో రాబట్టుకోవాలి. ఎక్కడో ఇప్పుడు చెప్తాను.

దుకాణాల సంగతి

ఆగ్రాలో పాలరాతి దుకాణాలు, తోలు దుకాణాలు, మిఠాయి కొట్లు, కొన్ని హోటళ్లు టూరిస్టులను తెచ్చిన డ్రైవర్లకు కమీషన్ ఇస్తాయి. తక్కువ రేటుకు వచ్చిన డ్రైవర్‌కు ఆ రోజు మిగిలేది అదే. అందుకే "తాజ్ కట్టిన పనివాళ్ల వంశీకుల వర్క్‌షాప్, ఊరికే చూడండి" అని తీసుకెళ్తారు. పాలరాతిలో రంగురాళ్లు పొదిగే పని, పర్చిన్‌కారీ, నిజంగా గొప్ప కళ. అది చూడాలని మీకే ఉంటే తప్పకుండా చూడండి. కానీ పాలరాయి పేరుతో మెత్తటి సోప్‌స్టోన్ అంటగట్టడం అక్కడ మామూలు. పైగా ఒక్కో దుకాణం ముప్పావుగంట తినేస్తుంది. మా స్నేహితుడి కుటుంబం ఇలా మూడు దుకాణాలు తిరిగి, గేటు మూసే వేళకు తాజ్ చేరింది. వాళ్ల నాన్నగారికి ఎనభై ఏళ్లు, మళ్లీ రాలేరు. నాకు ఈ విషయంలో కోపం వచ్చేది అందుకే.

బుకింగ్ మెసేజ్‌లోనే "దుకాణాలకు వెళ్లం" అని రాయండి. డ్రైవర్‌తో "భయ్యా, దుకాన్ నహీ జానా, సీధా తాజ్" అనండి. మర్యాదగా, నవ్వుతూ, కానీ బయల్దేరేటప్పుడే.

ఇంకో రకం వాళ్లున్నారు, ఆగ్రాలో వాళ్లను లప్కాలు అంటారు. పార్కింగ్‌కు కాస్త ముందు బండి ఆపి, ఇక ముందుకు పోనివ్వరు, మా బండి ఎక్కండి అంటారు. తాజ్ చుట్టూ 500 మీటర్ల లోపు మామూలు వాహనాలు నిషేధమన్నది నిజమే. కానీ మీ కారు తూర్పు గేటు వైపు శిల్పగ్రామ్ పార్కింగ్ దాకా వెళ్తుంది. అక్కడి నుంచి గేటు దాకా బ్యాటరీ బళ్లు ఉంటాయి. అమ్మగారిని అందులో తీసుకెళ్లండి, నడిపించకండి. మధ్యలో ఎవరు ఆపినా అద్దం దించొద్దు.

డ్రైవర్ గైడ్ కాడని కూడా గుర్తుంచుకోండి. గైడ్ కావాలంటే గుర్తింపు కార్డు ఉన్న లైసెన్స్ గైడ్‌నే తీసుకోండి. డ్రైవర్ తన "తమ్ముణ్ని" పరిచయం చేస్తే వద్దనండి.

మీ రోజును నేనైతే ఇలా పెడతాను

డిసెంబరులో సూర్యోదయం ఆశ వదిలేయండి. పొగమంచులో ఎక్స్‌ప్రెస్‌వే మీద ముందు బండి వెనక లైటు కూడా కనిపించదు. అందుకే డిసెంబరు 15 నుంచి అక్కడ వేగ పరిమితి కూడా తగ్గిస్తారు. అంత ప్రమాదానికి ఓర్చి పొద్దున్నే వెళ్లినా తాజ్ మంచులోనే ఉంటుంది. ఏడు, ఏడున్నరకు బయల్దేరండి. మంచు మరీ దట్టంగా ఉంటే ఇంకో గంట ఆగండి. "బయల్దేరే సమయం మంచును బట్టి మారొచ్చు, దానికి అదనపు చార్జీ లేదు" అని ముందే రాయించుకోండి.

పదకొండు ప్రాంతంలో ముందు ఆగ్రా కోట చూడండి. తాజ్‌కు రెండున్నర కిలోమీటర్లే. 1565లో అక్బర్ కట్టించడం మొదలుపెట్టిన ఎర్రరాతి కోట ఇది. 1658లో ఔరంగజేబు తన తండ్రి షాజహాన్‌ను ఇక్కడే బంధించాడు, 1666లో చనిపోయేదాకా ఆయన ఇక్కడే ఉన్నాడు. కోటలోని ముసమ్మన్ బుర్జ్ అనే బురుజు వైపు నుంచి నది మలుపు అవతల తాజ్ కనిపిస్తుంది. ఆ దృశ్యం చూసి తాజ్‌కు వెళ్తే దాని బరువు వేరుగా ఉంటుంది. ఆ వేళకు మంచు కూడా విడుతుంది. కోటలోకి వెళ్లే అమర్‌సింగ్ గేటు లోపల ఎత్తుకు పోయే ఏటవాలు దారి ఉంది, అమ్మగారు నెమ్మదిగా రావాలి. ఆవిడకు ఓపిక ఒక్కచోటుకే ఉందంటే కోట వదిలేసి ఆ ఓపిక తాజ్‌కు దాచండి.

ఒంటిగంటకల్లా తాజ్ దగ్గర ఉండండి. టికెట్లు పురావస్తు శాఖ సైట్‌లో ముందే కొనేయండి, సంవత్సరాంతపు రద్దీలో వరసలో నిలబడలేరు. భారతీయులకు 50 రూపాయలు, ప్రధాన సమాధి లోపలికి మరో 200. పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఉచితం. టికెట్ మూడు గంటలకే చెల్లుతుంది. సమాధి వేదిక మీదికి మెట్లెక్కాలి. అమ్మగారు ఎక్కలేకపోతే ఆవిడకు 50 రూపాయల టికెట్ చాలు, తోటలోంచే కట్టడమంతా చూడొచ్చు. తినుబండారాలు, ట్రైపాడ్, లైటర్, పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు. అవి బండిలోనే వదలండి, డబ్బు, నగలు మాత్రం వదలకండి.

లోపలికి వెళ్లే ముందు పార్కింగ్‌లో బండిని నంబర్ కనిపించేలా ఫోటో తీసుకోండి. డ్రైవర్ నంబర్ కాగితం మీద కూడా రాసి నాన్నగారి జేబులో పెట్టండి. ఫోన్ చార్జింగ్ అయిపోయి గంటసేపు ఒకరినొకరు వెతుక్కున్నవాళ్లను చూశాను.

నాలుగు, నాలుగున్నరకు తిరుగు ప్రయాణం. రాత్రి పొద్దుపోయేకొద్దీ మంచు మళ్లీ కమ్ముకుంటుంది కాబట్టి ఇది ఆలస్యం కానివ్వకండి. "ఫతేపూర్ సిక్రీ కూడా చూపిస్తా" అని ఎవరైనా అంటే ఈసారికి వద్దు. అది ఆగ్రాకు పడమటగా దాదాపు 40 కిలోమీటర్లు, మీ తిరుగు దారిలో లేదు. అక్కడి బులంద్ దర్వాజా అనే పెద్ద ద్వారం ముందు నిలబడటానికి ఒక పూట తీరిక కావాలి.

కారే ఎందుకు?

ఇది మీరు అడగలేదు, కానీ చెప్పాలి. హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్ నుంచి గతిమాన్ ఎక్స్‌ప్రెస్ ఉదయం బయల్దేరి దాదాపు గంటా నలభై నిమిషాల్లో ఆగ్రా కంటోన్మెంట్ చేరుస్తుంది. సాయంత్రం అదే తిరిగి తెస్తుంది. శుక్రవారం నడవదు. టికెట్ దొరికితే, అక్కడ దిగి ఆగ్రాలోనే ఎనిమిది గంటలకు లోకల్ బండి మాట్లాడుకోవచ్చు. మంచులో రైళ్లూ ఆలస్యమవుతాయి, కానీ ఆలస్యానికీ ప్రమాదానికీ తేడా ఉంది. ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పిల్లాడు, డిసెంబరు ఆఖరు. మా ఇంటివాళ్లయితే నేను ముందు రైలు టికెట్ కోసమే ప్రయత్నిస్తాను, దొరక్కపోతే కారు.

ఏ దారిన వెళ్లినా ఆగ్రా రోజునూ విమానం రోజునూ కలపకండి. కనీసం ఒక రాత్రి మధ్యలో ఉంచండి.

బుక్ చేసేటప్పుడు పంపాల్సిన మెసేజ్‌లో ఇవి ఉంటే చాలు: తేదీ, ఎక్కే చోటు, బండి రకం, ఐదుగురు, పసుపు ప్లేటు, బీఎస్-6 లేదా సీఎన్‌జీ, చూసే చోట్లు, మొత్తం రేటు, అందులో కలిసినవి, దుకాణాలు లేవు, ముందు రాత్రి డ్యూటీ లేని డ్రైవర్, బండి నంబరూ డ్రైవర్ నంబరూ ముందు రోజు సాయంత్రం ఆరింటికల్లా. వాళ్లు "ఓకే" అని కాకుండా రేటు మళ్లీ టైప్ చేసి పంపాలి. అడ్వాన్స్ యూపీఐలో పంపేటప్పుడు తెర మీద కనిపించే పేరు, మీరు మాట్లాడిన మనిషిదో సంస్థదో అయి ఉండాలి.

డ్రైవర్ భోజనానికి బత్తా ఇచ్చినా, మీరు తినే చోట అతన్నీ పిలవండి. రాత్రి దిగేటప్పుడు జాగ్రత్తగా నడిపినందుకు ఇవ్వాలనిపించింది నేరుగా అతని చేతికే ఇవ్వండి, ఓనర్‌కు పంపే డబ్బులో కలపకండి. మీ తేదీ ఖరారయ్యాక, వాళ్లు చెప్పిన రేటు, అందులో కలిసినవి ఇక్కడ రాయండి. చూసి ఏది అడగడం మర్చిపోయారో చెప్తాను.